బస్సు కాదు, రైలు పెట్టె: ట్రైలర్ ఏసీకి దారిలో కరెంటు ఎక్కడిది?

క్లుప్తంగా

కారు వెనక తగిలించే ప్రయాణ ట్రైలర్‌లో ఎండాకాలం ఏసీ నడవాలంటే సగటున 1 కిలోవాట్ కరెంటు కావాలి. కారు నుంచి ట్రైలర్‌కు వెళ్లే మామూలు వైరు ఇచ్చేది 150 నుంచి 200 వాట్లు. ఈ లోటును పూడ్చడానికి బ్యాటరీ, సోలార్, జెనరేటర్, కారు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పగా కరెంటు పుట్టించే యంత్రం) అని నాలుగు దారులున్నాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా హాయిగా గట్టెక్కించదు. అసలు దారి పొడవునా ఏసీ నడవాల్సిన అవసరమే చాలా ప్రయాణాల్లో ఉండదు.

హైదరాబాద్‌లో క్యారవాన్ అనగానే కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ వీధుల్లో ఆగి ఉన్న షూటింగ్ బండే గుర్తొస్తుంది. బయట 42 డిగ్రీల ఎండ, లోపల చల్లగా గది. ఆ చల్లదనానికి కరెంటు జెనరేటర్ నుంచి వస్తుంది, పైగా బండి రోజంతా ఒకేచోట ఉంటుంది. సొంత కారుకు ట్రైలర్ తగిలించుకుని శ్రీశైలమో సాగరో పోదామనుకునేవాళ్లు ఆ దృశ్యాన్నే మనసులో పెట్టుకుని లెక్కలు వేస్తారు. కారులో ఏసీ ఉంది, బస్సులో ఉంది, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకైతే తప్పనిసరే అయింది. అలాంటప్పుడు వెనక వచ్చే ట్రైలర్‌కు మాత్రం ఏమిటి కష్టం అన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

కొక్కెం దగ్గర తెగిపోయే బెల్టు

కారు, బస్సు, లారీ ఏసీలు సాధారణంగా కరెంటుతో నడవవు. కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టే తిప్పుతుంది. ఇంజిన్‌లో పుట్టిన శక్తి కరెంటుగా మారకుండా నేరుగా కంప్రెసర్‌కు చేరుతుంది. కరెంటుతో పని ఫ్యాన్లకు, క్లచ్‌కు, కంట్రోళ్లకు మాత్రమే. ఇంజిన్ శక్తిలో కొంత భాగం పక్కకు తీస్తే చాలు కాబట్టి 40 మంది కూర్చున్న బస్సు కూడా చల్లబడుతుంది. కొన్ని పెద్ద బస్సుల్లో ఏసీ కోసమే వేరే చిన్న ఇంజిన్ ఉంటుంది, అక్కడా పద్ధతి ఇదే.

ట్రైలర్ దగ్గరకు వచ్చేసరికి ఈ సౌకర్యం కొక్కెం దగ్గరే ఆగిపోతుంది. మలుపుల్లో తిరిగే, గుంతల్లో ఎగిరే ఆ అతుకు మీదుగా బెల్టు పోదు. గ్యాస్ పైపును పంపడమూ ఆచరణలో అయ్యే పని కాదు. దాటగలిగేది కరెంటు వైరు ఒక్కటే. ఒకే ఛాసిస్ మీద కట్టే మోటారు క్యారవాన్‌కు, లాక్కెళ్లే ట్రైలర్‌కు ఉన్న అసలు తేడా ఇదే. మోటారు క్యారవాన్ బస్సుకు చుట్టం. ట్రైలర్ రైలు పెట్టెకు చుట్టం. ఆ పోలిక కింద మళ్లీ వస్తుంది.

ఏడు పిన్నుల్లో ఒక్క పిన్ను

కారు వెనక ఉండే ఏడు పిన్నుల సాకెట్ ప్రధానంగా లైట్ల కోసం పుట్టింది: బ్రేకు లైటు, ఇండికేటర్లు, వెనక లైట్లు. అమెరికాలో వాడే ఏడు పిన్నుల సాకెట్‌లో ఒక పిన్ను ట్రైలర్ బ్యాటరీని చార్జ్ చేయడానికి 12 వోల్టుల కరెంటు ఇస్తుంది. దాని ఫ్యూజు 30 ఆంపియర్లు ఉండవచ్చు. అయినా చివరకు చేరేది అందులో సగం కూడా కాదు.

కారణం వైరు పొడవు. బానెట్ కింద నుంచి ట్రైలర్ బ్యాటరీ దాకా 10 మీటర్లు అనుకుంటే, పోనూ రానూ 20 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు ఆ పొడవులో నిరోధం సుమారు 0.09 ఓమ్. 20 ఆంపియర్లు ప్రవహిస్తే 1.8 వోల్టులు దారిలోనే వేడిగా పోతాయి. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులున్నా అవతలి కొసకు 12.4 వోల్టులే చేరతాయి. అంత తక్కువ వోల్టేజీకి బ్యాటరీ చార్జ్ కాదు, అందుకని కరెంటు తనంతట తానే 10, 15 ఆంపియర్లకు పడిపోతుంది. అంటే 150, 200 వాట్లు. ఏసీ అడిగేదానిలో ఐదో వంతు నుంచి ఏడో వంతు.

మందమైన వైరు వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. 12 వోల్టుల మీద ఏసీని పూర్తిగా నడపాలంటే దాదాపు 140 ఆంపియర్లు కావాలి. అర వోల్టుకు మించి పోకూడదనుకుంటే 95 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయాల్సి వస్తుంది. అది బొటనవేలంత లావు ఉంటుంది. కొక్కెం దగ్గర వంచడం కూడా కష్టం, రాగి ధర సంగతి సరేసరి. అదే శక్తిని 48 వోల్టుల్లో పంపితే 35 ఆంపియర్లు చాలు, 2 వోల్టులు పోయినా 6 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది. అది ఇంట్లో గీజర్‌కు వాడే వైరు కన్నా కాస్త లావు, అంతే. వోల్టేజీ నాలుగు రెట్లు పెంచితే వైరు పదహారో వంతుకు తగ్గింది. ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగతా వ్యవహారమంతా తేలికవుతుంది.

ఏసీకి నిజంగా ఎంత కావాలి

5 మీటర్ల పొడవు, 2 మీటర్లకు కాస్త ఎక్కువ వెడల్పు, 2 మీటర్ల ఎత్తున్న ట్రైలర్‌కు గోడలు, పైకప్పు, నేల కలిపి సుమారు 50 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. లోపల అంగుళం మందాన ఫోమ్ వేసి ఉందనుకుందాం. బయట 42, లోపల 26 డిగ్రీలుంటే గోడల గుండానే సుమారు 1,200 వాట్ల వేడి లోపలికి వస్తుంది. పైకప్పు మీద పడే ఎండ, కిటికీలు, సందుల గుండా దూరే గాలి కలిపితే మొత్తం రెండున్నర కిలోవాట్లు అవుతుంది. బండి పరిగెడుతుంటే గాలి తగిలి పైకప్పు కొంత చల్లబడుతుంది, అదే గాలి సందుల్లోంచి లోపలికి దూరుతుంది కూడా. రెండూ ఇంచుమించు సరికి సరి.

ఒక టన్ను ఏసీ లోపలి నుంచి 3.5 కిలోవాట్ల వేడిని తోడేయగలదు. మంచి ఏసీ 1 యూనిట్ కరెంటుతో రెండున్నర, మూడు యూనిట్ల వేడిని బయటికి నెడుతుంది. కాబట్టి రెండున్నర కిలోవాట్ల వేడికి సగటున 900 వాట్లు, నష్టాలతో కలిపి 1 కిలోవాట్. అమెరికన్ ట్రైలర్ల పైకప్పుల మీద కనిపించే 13,500 బీటీయూ ఏసీ అంటే మన లెక్కలో 1.1 టన్ను. అది 120 వోల్టుల మీద 1,300 వాట్లకు అటూ ఇటూ తీసుకుంటుంది.

సగటుతో పాటు చూడాల్సింది ఇంకొకటి ఉంది. పాతరకం కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది. ఏసీ ఆన్ అయినప్పుడు ఇంట్లో బల్బు ఒక్కసారి మసకబారేది ఇందుకే. గ్రిడ్ దాన్ని తట్టుకుంటుంది. చిన్న జెనరేటర్ గుక్కతిప్పుకోలేక ఆగిపోతుంది, బ్యాటరీ ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి మొరాయిస్తుంది. సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న పెట్టె ఈ తొలి కుదుపును తగ్గిస్తుంది.

రెండు ఇన్వర్టర్ల గందరగోళం

తెలుగిళ్లలో ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాను, లైటు నడిపే పెట్టె. ‘ఇన్వర్టర్ ఏసీ’లోని ఇన్వర్టర్ వేరు. అది కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచే, తగ్గించే సర్క్యూట్. ఇన్వర్టర్ ఏసీ కొంటే బ్యాటరీ మీద నడుస్తుందనుకోవడం ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల వచ్చే పొరపాటు.

అయితే ట్రైలర్‌కు ఇన్వర్టర్ ఏసీ వల్ల మేలు నిజంగానే ఉంది. అది నెమ్మదిగా మొదలవుతుంది కాబట్టి తొలి కుదుపు ఉండదు. లోపల చల్లబడ్డాక 300, 400 వాట్లకు దిగి నిలకడగా నడుస్తుంది. తిప్పలు మరో చోట వస్తాయి. ఇంటి గోడకు బిగించేందుకు తయారైన స్ప్లిట్ ఏసీని తెచ్చి ట్రైలర్‌కు తగిలిస్తే, రోడ్డు కుదుపులకు రాగి పైపుల అతుకులు వదులై గ్యాస్ కారిపోతుంది. ఇప్పటి ఇంటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్‌32 గ్యాస్‌కు కొద్దిపాటి మండే గుణం కూడా ఉంది. చౌకగా వస్తుందని ఈ పని చేయించుకుంటే, మిగిలిన డబ్బు గ్యాస్ నింపించడానికే పోతుంది. వాహనాల కోసమే చేసిన రూఫ్ టాప్ ఏసీ, లేదా లారీల్లో వాడే 24, 48 వోల్టుల డీసీ ఏసీ ఖరీదైనా కుదుపులు తట్టుకునేలా కట్టినవి.

రైల్వే ఇదే లెక్క వేసింది

ఇంజిన్‌కు తగిలించిన పెట్టెను ఎలా చల్లబరచాలన్న సమస్య రైల్వేకు కొత్తది కాదు. అక్కడ వచ్చిన జవాబులు మూడు.

మొదటిది, ఏసీ పెట్టె కిందే ఇరుసు తిరుగుడుతో కరెంటు పుట్టించడం. ఏసీ బోగీ కింద 25 కిలోవాట్ల ఆల్టర్నేటర్లు, 110 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. రైలు పరిగెడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఏదైనా స్టేషన్ అవుటర్‌లో గంట ఆగితే బ్యాటరీ దిగిపోయి ఏసీ నీరసిస్తుంది. పాత బోగీల్లో వేసవి ప్రయాణాలు చేసినవాళ్లకు ఇది అనుభవమే. రెండోది, రాజధాని లాంటి రైళ్లకు రెండు చివరలా డీజిల్ జెనరేటర్ల పెట్టెలు తగిలించి 750 వోల్టుల కరెంటును అన్ని బోగీలకూ పంపడం. చప్పుడు, పొగ, డీజిల్ ఖర్చు దీనితో వచ్చాయి. మూడోది, ఇప్పుడు విస్తరిస్తున్న హెడ్ ఆన్ జనరేషన్. పై తీగ నుంచి లోకోమోటివ్ తీసుకున్న కరెంటులో కొంత భాగాన్ని మార్చి వెనక బోగీలకు ఇస్తుంది.

రోడ్డు మీది ట్రైలర్‌కు ఉన్న దారులూ ఈ మూడింటికి చిన్న నమూనాలే. తేడా ఒక్కటే: రైల్వే ఎక్కడా 12 వోల్టులతో సరిపెట్టుకోలేదు.

ఇరుసు కరెంటు ప్రస్తావన వచ్చింది కనుక ఒక అపోహ. ట్రైలర్ చక్రానికి డైనమోనో, పైన చిన్న గాలిమరనో పెడితే ఉచితంగా కరెంటు వస్తుందనే ఆలోచన తరచూ వినిపిస్తుంది. సైకిలు డైనమోను టైరుకు ఆనించగానే పెడల్ బరువెక్కడం గుర్తున్నవాళ్లకు జవాబు తెలుసు. ఆ కరెంటు ఖర్చు లాగే బండి డీజిల్‌లోంచే పోతుంది.

విజయవాడ దాకా లెక్క

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. ట్రైలర్‌తో 5 గంటలు అనుకుంటే, దారి పొడవునా ఏసీ నడపడానికి 5 యూనిట్లు కావాలి.

ఇంట్లో వాడే 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ కాగితం మీద 1.8 యూనిట్లు. అది నెమ్మదిగా, 20 గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే లెక్క. ఏసీ లాంటి పెద్ద లోడు పెట్టి గంటలో పిండేస్తే సగం కూడా రావడం కష్టం. 5 యూనిట్లకు అలాంటివి ఆరు కావాలి. ఒక్కొక్కటి 50 కిలోలు దాటుతుంది కాబట్టి 300 కిలోల బరువు. ట్రైలర్ మోయగల సామాను అక్కడికే అయిపోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఈ లెక్కను మార్చేసింది. 51.2 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 5.12 యూనిట్లు పడతాయి, బరువు 50 కిలోలకు అటూ ఇటూ. అందులో 80, 90 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. రాత్రి ఇంటి దగ్గర 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే తెల్లారేసరికి నిండుతుంది. అయినా విజయవాడ చేరేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. ఎల్బీనగర్ దాటడానికే ముప్పావుగంట పట్టిన రోజున మధ్యలోనే ఖాళీ కావచ్చు.

అక్కడే సోలార్, కారు ఆల్టర్నేటర్ సాయానికి వస్తాయి. పైకప్పు మీద ఏసీ, గాలి కిటికీ పోను మిగిలే 6 చదరపు మీటర్లలో 1.2 కిలోవాట్ల సోలార్ పలకలు పడతాయి. నేరుగా కప్పుకు అతికిన పలక ఎండలో 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. వేడెక్కిన పలక ఉత్పత్తి 10 శాతానికి పైగా పడిపోతుంది. అయినా పగటి 5 గంటల్లో మూడున్నర యూనిట్ల దాకా వస్తాయి. ఎండ ఎంత మండితే ఏసీకి అంత పని, పలకకూ అంత రాబడి. ప్రకృతి ఇక్కడ మాత్రం కాస్త న్యాయంగానే ఉంది. కారు నుంచి డీసీ-డీసీ చార్జర్ (కారు వోల్టేజీని ట్రైలర్ బ్యాటరీకి తగినట్టు మార్చి, కరెంటును హద్దులో ఉంచే పెట్టె) ద్వారా 30 ఆంపియర్లు తీసుకుంటే ఇంకో 400 వాట్లు. దీనికి ఏడు పిన్నుల వైరు చాలదు, కారు బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా మందపాటి కేబుల్ వేయాలి.

ఈ చార్జర్‌ను తప్పించి ఆల్టర్నేటర్‌ను లిథియం బ్యాటరీకి నేరుగా కలిపితే మరో ప్రమాదం ఉంది. ఆ బ్యాటరీ ఎంత ఇస్తే అంత మింగుతుంది. ఆల్టర్నేటర్ పూర్తి బలంతో పనిచేస్తూ, ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదించి సొంత ఫ్యాను సరిగా తిరగక, వేడికి కాలిపోతుంది. పంజాగుట్ట కూడలిలో మే నెల మధ్యాహ్నం దానికి సరిగ్గా అలాంటి పరీక్ష. ఇప్పటి చాలా కార్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. డీసీ-డీసీ చార్జర్ ఆ హెచ్చుతగ్గులనూ సర్దుతుంది.

ఖర్చు కోణంలో చూస్తే ఆల్టర్నేటర్ కరెంటు ఖరీదైనది. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజిన్, బెల్టు, ఆల్టర్నేటర్, చార్జర్ తలా ఇంత తినగా ట్రైలర్‌కు చేరేది ఒకటిన్నర యూనిట్లు. లీటరు వంద రూపాయలనుకున్నా యూనిట్ 60 దాటుతుంది. ఇంట్లో యూనిట్ మహా అయితే 10 రూపాయల చుట్టుపక్కల.

జెనరేటర్: తేలిక జవాబు, బరువైన షరతులు

2 కిలోవాట్ల పెట్రోలు ఇన్వర్టర్ జెనరేటర్ ఈ సమస్యను ఒక్క దెబ్బకు తీరుస్తుంది. అమెరికాలో పెద్ద మోటారు హోమ్‌లలో ఏసీ కోసం జెనరేటర్‌ను బండిలోనే అమర్చి, ప్రయాణంలో నడపడం మామూలే. అక్కడ దాని గదికి, గొట్టానికి, ఇంధనానికి బండి తయారీలోనే చోటు ఉంటుంది. చేత్తో మోసే జెనరేటర్‌ను తెచ్చి ట్రైలర్ లోపలో, అడుగునో కట్టి నడపడం అలాంటిది కాదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జెనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని దర్యాప్తులో తేలింది. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్న మనిషికి మెలకువ వచ్చే అవకాశమూ తక్కువే. జెనరేటర్ వాడే ప్రతి ట్రైలర్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే. దాని ధర ఈ వ్యవహారంలో చెప్పుకోదగ్గ ఖర్చే కాదు.

ఎలక్ట్రిక్ కార్లు ఈ చిత్రాన్ని మార్చవచ్చు. ఇక్కడ అమ్ముతున్న కొన్ని మోడళ్లు 3 కిలోవాట్లకు పైగా 230 వోల్టుల కరెంటును బయటికి ఇస్తున్నాయి. అయితే బయటి సాకెట్ ఎక్కువగా బండి ఆగి ఉన్నప్పటికే. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్ 2021 మోడల్ నుంచి 7.2 కిలోవాట్ల దాకా ఇచ్చే ఏర్పాటుతో వచ్చింది, అది నడుస్తూ కూడా ఇవ్వగలదు. ఇది రైల్వే హెడ్ ఆన్ జనరేషన్‌కు రోడ్డు రూపం. ఎలక్ట్రిక్ కారు మీద పడే భారమూ పెద్దదేమీ కాదు: గంటకు 1 యూనిట్. ట్రైలర్ లాగడం వల్ల తగ్గే రేంజ్ ముందు అది లెక్కలోకి రాదు.

ఖాళీ పెట్టెను ఎవరి కోసం చల్లబరచాలి?

కదులుతున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోవడం క్షేమం కాదు. అమెరికాలోనూ చాలా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. మనుషులంతా కారులో, కారు ఏసీలో ఉంటారు. అప్పుడు వెనక 5 గంటలపాటు చల్లబడేది పరుపులు, గిన్నెలు. మందులు, పాలు, కూరగాయల కోసమైతే 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ చాలు. అది 50 వాట్లకు అటూ ఇటూ తీసుకుంటుంది, ఏడు పిన్నుల సన్నని వైరు కూడా దాన్ని పోషించగలదు. పెంపుడు కుక్క ఉంటే దాని చోటూ కారులోనే.

మిగిలింది చేరగానే చల్లగా ఉండాలన్న కోరిక. ట్రైలర్‌లోని గాలి బరువు 25 కిలోలే, దాన్ని చల్లబరచడం క్షణాల పని. వేడిని పట్టి ఉంచేవి ప్లైవుడ్, పరుపులు, సామాన్లు. అవి కూడా ఒక టన్ను ఏసీకి గంటన్నర లోపు దారికొస్తాయి. కాబట్టి సూర్యాపేటలో టీ తాగి, నందిగామ దాకా ఏసీ ఆపి ఉంచి, అక్కడ ఫోన్‌లోని రిమోట్‌తో ఆన్ చేస్తే చివరి 50 కిలోమీటర్లలోనే పని దాదాపు పూర్తవుతుంది. 5 యూనిట్లు కావాల్సిన చోట ఒకటిన్నర సరిపోతుంది. అప్పటిదాకా సోలార్ పలకల రాబడి బ్యాటరీలోనే నిలవ ఉంటుంది, రాత్రి పుష్కర ఘాట్ పక్కన ఎక్కడో ఆగి పడుకున్నప్పుడు ఏసీకి అక్కరకొస్తుంది. బయట 30 డిగ్రీలకు దిగిన రాత్రిపూట అదే ఏసీ 300, 400 వాట్లతో నడుస్తుంది, నిండు బ్యాటరీతో తెల్లారేదాకా వస్తుంది.